పంటి నొప్పి కింద రాసిన పేర్లు

రోజు 112

ఇది చేతి కడియం తెర మీద రాయడం లేదు. నాచు కాగితం మీద పెన్సిలుతో రాస్తున్నాను. మడిచి కట్టుగుడ్డల బీరువా అడుగున పెడితే దీన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. అనుమానాలు రాసుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఈ ఆసుపత్రిలో లేదు.

నా పేరు నూకరత్నం. సముద్రం మీద తేలే మా తెప్పల ఊళ్లలో, నాలుగో తెప్ప ఆసుపత్రిలో పెద్ద నర్సుని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని.

పొద్దున్నే మంచినీళ్ల కుళాయి తిప్పి డ్రమ్ములు నింపాను. మంచాల కోళ్లకు పట్టిన ఉప్పు పొర తుడిచాను. ఎండెక్కితే తెప్ప మీద కాలు పెట్టలేం కాబట్టి రోగులు తొమ్మిదిలోపే వచ్చేస్తారు. ప్రతి ఒక్కరూ తలుపు దగ్గర కడియం తీసి తొట్టిలో వేసి లోపలికి రావాలి. రక్తపోటు చూడడానికి అడ్డమని చెబుతాం. అసలు కారణం అది కాదు. పెద్ద తుపానులో మనుషులు కొట్టుకుపోయాక భార్యాభర్తల కడియాలను జంట కలిపారు. ఒకరు ఎక్కడున్నదీ, ఏం మాట్లాడిందీ, ఏం చదివిందీ రెండోవారికి తెలిసిపోతుంది. అప్పట్లో ఒకరినొకరు వెతుక్కోవడానికి పెట్టిన ఏర్పాటు. తుపాను వెళ్లి పదమూడేళ్లయింది, జంటలు అలాగే ఉండిపోయాయి.

కడియం తీశాక డాక్టర్ షహనాజ్, పక్కన నేను ఉండగా, ఒక్కొక్కరినీ లోపలి గదిలో కూర్చోబెట్టి, జ్వరమని వచ్చినా కాలు బెణికిందని వచ్చినా ఒకే ప్రశ్న అడుగుతుంది. ఇంట్లో మీరు ఎవరికైనా భయపడుతున్నారా అని. చెప్పింది చీటీ మీద రాస్తుంది. కొత్తగా చేరిన గుమాస్తా వేదవల్లి దాన్ని ఆసుపత్రి రికార్డులో ఎక్కిస్తుంది. ఈ సంగతి మా ముగ్గురికీ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు.

తెలిసింది. ఎనభై ఎనిమిదో రోజున వలలు అల్లే ఒకావిడ చెప్పుకున్నది మర్నాడు సాయంత్రానికల్లా ఆమె భర్త పొల్లుపోకుండా ఆమెకే అప్పజెప్పాడు. తొంభై మూడో రోజున బడిలో చెప్పే పంతులమ్మకు అదే జరిగింది. ఇద్దరూ మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కలేదు.

నేను చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పే మనిషి కాదు. మిగిలింది వేదవల్లి. చేరి మూడు నెలలు కాలేదు. ఆ ఇద్దరి తర్వాత మరొకటేదీ బయటికి పోలేదన్న మాట నిజమే. నాకు మాత్రం అదే మరింత అనుమానంగా ఉంది. దొరికిపోతానని జాగ్రత్తపడినట్టుంది.

రోజు 115

మధ్యాహ్నం వేదవల్లి భర్త శంకరం వచ్చాడు. రోజూ వస్తాడు. వల లాగే బృందంలో పని. విరామం దొరగ్గానే భార్యకు వేడి అన్నం, వేయించిన నాచు పట్టుకుని అంత ఎండలోనూ నడిచి వస్తాడు. నాకూ ఓ గిన్నె తెస్తాడు. ఎవరెవరు వచ్చారు, ఊపిరాడనంత పని ఉందా అని కుశలం అడుగుతాడు. ఇలాంటి మొగుడున్న పిల్లకి పరాయివాళ్ల కాపురాల సంగతులు మోసే బుద్ధి ఎలా పుట్టిందా అనుకున్నాను.

వేదవల్లి అన్నం సగం వదిలేసింది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. ఈ మధ్య ముఖం ఎముకలు తేలి కనిపిస్తోంది. తప్పు చేసినవాళ్లకు తిండి సహించదు.

రోజు 118

దొరికింది.

డాక్టరమ్మ వారం రోజుల పని మీద రెండో తెప్పకు పడవెక్కింది. వెళ్తూ నెలాఖరు చీటీలు కాల్చేయమని నాకిచ్చింది. కాల్చే ముందు వాటిని రికార్డుతో సరిచూశాను. లోపలి గదిలో అవునని చెప్పినవాళ్లవి తొమ్మిది చీటీలు. రికార్డులో ఆ తొమ్మిది మందికీ ఒకటే జబ్బు రాసి ఉంది. పంటి నొప్పి.

మా దగ్గర పళ్లు చూసే పరికరమే లేదు. పంటి నొప్పి అని వచ్చినవాళ్లను రెండో తెప్పకు పంపేస్తాం. వాళ్లలో దాలమ్మ అనే ఆవిడ చీటీ మీద డాక్టరమ్మ రాసింది ఇది: భర్త తవిటయ్య మెడ పట్టుకున్నాడు, రెండుసార్లు, ఈసారి చంపేస్తానన్నాడు. రికార్డులో: పంటి నొప్పి, లవంగ నూనె ఇచ్చారు.

రేపు డాక్టరమ్మ లేనప్పుడు దాలమ్మ స్పృహ లేకుండా వస్తే, మెడ సంగతి తెలియక ఎవరైనా ఆమెను ఇంటికి పంపేయరా? అలా జరగాలనే రాసిందా? నాకు ఒళ్లు మండింది.

రోజు 119

తొమ్మిది పేజీలూ నేనే సరిదిద్దాను. దిద్దిన పేజీని మొదట రాసినవారు తమ కడియంలో తెరిచి సంతకం పెట్టాలి. అప్పుడే పేజీ మూసుకుంటుంది. వేదవల్లిని పిలిచి సంతకాలు పెట్టమన్నాను. ఎందుకలా రాశావని అడగలేదు. ఏం చేస్తుందో చూద్దామనుకున్నాను.

కడియం మీద రెండో చెయ్యి వేసుకుంది. రేపు పెడతానంది.

రోజు 122

మూడు రోజుల నుంచీ రేపు, రేపు. ఇవాళ కడియం సరిగా పనిచేయడం లేదని చెప్పింది. నేను తీసుకుని చూశాను, బాగానే ఉంది. తర్వాత వచ్చి, డాక్టరమ్మ వచ్చేదాకా ఆగుదామండీ అని మెల్లగా అడిగింది. ఎందుకని అడిగాను. తొట్టిలో రోగుల కడియాలు కడుగుతూ నాకు వీపు తిప్పి నిలబడింది.

సంతకం పెడితే తను తప్పు రాసినట్టు తేలిపోతుందనే దాటేస్తోందని నాకు రూఢి అయింది.

మధ్యాహ్నం శంకరం వచ్చినప్పుడు అతన్ని పక్కకు పిలిచాను. చీటీల సంగతి చెప్పలేదు, అంత తెలివితక్కువదాన్ని కాను. మీ ఆవిడ తొమ్మిది పేజీలకు సంతకాలు పెట్టకుండా మూడు రోజులుగా నాన్చుతోంది, ఉద్యోగానికే ముప్పు వచ్చేలా ఉంది, కాస్త మంచిగా చెప్పండి అన్నాను. అతను ఎంతో నొచ్చుకున్నాడు.

"అయ్యో, నాకు చెప్పనేలేదండి అక్కగారూ. నేను చూసుకుంటాను."

రోజు 123

వేదవల్లి పొద్దున్నే వచ్చి తొమ్మిది సంతకాలూ పెట్టింది. నా ముఖం చూడలేదు. అతని మాట పనిచేసిందని సంతోషించాను.

రోజు 124

దాలమ్మను తలుపు చెక్క మీద మోసుకొచ్చారు.

ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది. పక్కటెముకలు రెండు. మెడ చుట్టూ వేళ్ల గుర్తులు. తవిటయ్య ఆమెను నాచు మడుల మెట్ల మీద నుంచి తోసేశాడని చుట్టుపక్కలవాళ్లు అన్నారు. డాక్టరమ్మకు కబురు పంపి, పడవ వచ్చేలోగా చేతికి బద్దలు కట్టి మందిచ్చాను. మెడ సంగతి రికార్డులో ఉంది కాబట్టి ఊపిరి కనిపెట్టుకుని కూర్చున్నాను. చూశావా, దిద్దడం ఎంత మంచిదయిందో అని ఆ క్షణంలో కూడా అనుకున్నాను. దాచకుండా రాస్తున్నాను.

స్పృహ వచ్చాక దాలమ్మ నన్నే చూసింది.

"మెడ పట్టుకున్నాడని ఆసుపత్రిలో సెప్పినావట గదా అన్నాడు. నీకూ డాట్రమ్మకీ తప్ప ఎవులికీ సెప్పనేదు నర్సమ్మా. ఆడికెలగ తెలిసిపోనాది? నువ్వు సెప్పీసినావేటి?"

లేదన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. నమ్మలేదు.

గది మూలలో వేదవల్లి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రెండు చేతులతో నోరు మూసుకుంది. నా అనుమానానికి ఇక రుజువు అక్కర్లేదనుకున్నాను. అందరి ముందూ అడగడానికి నోరు తెరిచాను కూడా. అంతలో దాలమ్మకు దగ్గు తెర వచ్చి ఆగిపోయాను.

రోజు 125

డాక్టరమ్మ తెల్లవారేసరికి దిగింది. దాలమ్మను చూసి, కట్టు మార్చి, నన్ను లోపలి గదికి పిలిచింది. నేను చీటీలు, పంటి నొప్పి, సంతకాలు, అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాను. నేరం నిరూపిస్తున్న ఉత్సాహంలో ఉన్నాను.

ఆవిడ ఒక్కొక్కటే అడిగింది. పంటి నొప్పి అని రాసి ఉన్నన్నాళ్లూ ఈ తొమ్మిది మందిలో ఎవరి సంగతైనా బయటికి పోయిందా? లేదన్నాను. దిద్దింది ఎప్పుడు? నూట పంతొమ్మిదిన. వేదవల్లి తెరిచి సంతకం పెట్టింది? నూట ఇరవై మూడున. దాలమ్మను కొట్టింది? ఆ మర్నాడే.

వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్న నా చెయ్యి ఆగిపోయింది.

"ఆ అమ్మాయిని అడిగావా, రత్నం?"

"ఏమని?"

"మనం అందర్నీ అడిగేదే."

అడగలేదు. గాజు గుచ్చుకుని వచ్చిన చంటిపిల్ల తల్లిని కూడా వదలకుండా అడిగే ఆసుపత్రి మాది. మాలో మేము ఒక్కసారీ అడుక్కోలేదు. పనిచేసేవాళ్ల కడియాలు తొట్టిలో పడవు, పని వేళ మాటలు వినకుండా మాత్రం ఆపి ఉంచుతాం. వాటితోనే కదా రికార్డు రాయాలి. నా భర్త పోయి పదేళ్లయింది, నా కడియానికి జంట లేదు. డాక్టరమ్మ పెళ్లి చేసుకోలేదు. జంట ఉన్న కడియం మా ముగ్గురిలో ఒక్కరికే ఉంది. ఆ మాట ఈ పదమూడు రోజుల్లో నాకు ఒక్కసారైనా తోచలేదు.

మధ్యాహ్నం లోపు వేదవల్లిని గదిలోకి పిలిచాం. కడియం తీయమంటే భయపడింది. తీస్తే ఆయనకు తెలుస్తుంది, ఎందుకు తీశావంటారు అంది. ఇవాళ ఆసుపత్రి కడియాలన్నీ ఉప్పు వదిలించడానికి తీస్తున్నామని డాక్టరమ్మ ముందుగా తెప్ప సభకు కబురు పెట్టి, తనదీ నాదీ తీసి తొట్టిలో వేసింది. అప్పుడు వేదవల్లి కూడా తీసింది. మణికట్టు చుట్టూ చర్మం కమిలి ఉంది. నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు.

డాక్టరమ్మ ప్రశ్న అడిగింది. ఆ పిల్ల తొట్టిలోని తన కడియం వైపే చూస్తూ చెప్పింది.

"బయటపెట్టింది నేను కాదండి, ఆయన. ఇంటికెళ్లగానే చెయ్యి చాపమంటారు. ఆ రోజు నేను తెరిచిన పేజీలన్నీ చదువుతారు. చదివినంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉంటారు. కొట్టరండి. ఎప్పుడూ కొట్టలేదు. మర్నాడు వల దగ్గర మగవాళ్లతో అంటారు, నీ ఇంటి సంగతి నాకు తెలుసని. వాళ్లంతా ఆయన చుట్టూ చేరితే ఆయనకి అదో సంతోషం. మొదటి ఇద్దరి గురించీ బయటికి పోయాక నాకు అర్థమైంది. అప్పట్నుంచీ పంటి నొప్పని రాశాను. పంటి నొప్పి అయితే ఆయనకి విసుగు. చదవకుండా తిప్పేస్తారు."

నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ ప్రశ్న నా నోటి నుంచి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"మీకా అండి? నేను గదిలోకొస్తే మీరు బీరువా తాళం తడుముకునేవారు. చెబితే ఉద్యోగం తీసేస్తారనుకున్నాను. ఉద్యోగం పోతే పొద్దస్తమానం ఆ ఇంట్లోనే ఉండాలి." కొంగు వేలికి చుట్టుకుంటూ మళ్లీ అంది. "సంతకాలు పెట్టకుండా ఎలాగోలా నెట్టుకొస్తున్నాను. ఆ రోజు ఇంటికెళ్లేసరికి, తొమ్మిది పేజీలట కదా అన్నారు."

ఆ మాట ఎవరు చేరవేశారో ఆమె అనలేదు. ఆమెకు తెలుసు. నేనే చెప్పానని డాక్టరమ్మకు అప్పుడే, ఆమె ఎదుటే చెప్పాను. వేదవల్లి నావైపు చూడకుండా మణికట్టు రుద్దుకుంటూ కూర్చుంది.

రోజు 126

ముందు మిగిలిన ఎనిమిది మంది. ఆ ఎనిమిది ఇళ్లకే వెళ్తే మళ్లీ వాళ్లనే పట్టిచ్చినట్టవుతుంది. అందుకని నీళ్ల జ్వరం పరీక్షలని చెప్పి వరసలోని ఇళ్లన్నీ తిరిగాం. డెబ్భై రెండు ఇళ్లు. ప్రతి ఆడమనిషినీ రక్తం తీయడానికని కడియం తీయించి ఒంటరిగా కూర్చోబెట్టాం. ఏడుగురికి ఇంకా ఏమీ కాలేదు. విషయం చెప్పి, ఏం కావాలో వాళ్లనే అడిగాం. ఇద్దరు వెంటనే వస్తామన్నారు. ఐదుగురు ఇప్పుడు కాదన్నారు. ఎప్పుడైనా తలుపు తట్టవచ్చని చెప్పి వచ్చాం. ఎనిమిదో ఆవిడ కడియం భర్త లాక్కున్నాడు. రెండు రోజులుగా ఆమె గడప దాటలేదు. జ్వరం ఉందని రాసి డాక్టరమ్మ ఆమెను వార్డుకు తెచ్చేసింది.

వేదవల్లిని మేము ఇల్లు వదలమనలేదు. నీకేం కావాలని డాక్టరమ్మ అడిగితే మొదటి మాటగా ఉద్యోగం తీసేయకండి అంది. రెండో మాట జంట తెంపమని. జంట తెంపడానికి ఇద్దరూ ఒప్పుకోవాలని తెప్ప సభ నియమం. గుండెలో యంత్రం ఉన్నవాళ్లకు మాత్రం డాక్టరు ఉత్తరువు చాలు. డాక్టరమ్మ ఆ ఉత్తరువు కాగితమే తీసి, కారణం దగ్గర గుండె అని రాయలేదు. జంట వల్ల ఈమె ప్రాణానికీ నా రోగుల ప్రాణానికీ ప్రమాదం అని రాసింది. సభ ఏమంటుందో తర్వాత చూద్దామని, ముందు తెంపేసింది.

వేదవల్లి ఈ పూట నుంచి వార్డు వెనక గదిలో ఉంటోంది.

రోజు 127

శంకరం వచ్చాడు. చేతిలో అన్నం గిన్నె. తలుపు దగ్గర నేనే ఉన్నాను.

గొంతు పెంచలేదు. ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో, కడియం పలకడం లేదు, ఒక్కసారి చూసి వెళ్తాను అన్నాడు. కుదరదన్నాను. నవ్వాడు.

"నన్ను చూసుకోమన్నది మీరే కదండీ అక్కగారూ."

నేను తలుపు వదల్లేదు. అవును, నేనే అన్నాను, అది నా తప్పు, మీరు ఈ మెట్లు దిగండి అన్నాను. చాలాసేపు నిలబడ్డాడు. లోపలి వరండాలో రోగులు ఒక్కొక్కరే లేచి నా వెనక్కి వచ్చి నిలుచున్నారు. వాళ్లను నేను పిలవలేదు. అతను గిన్నె మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

రోజు 139

సభలో విచారణ జరిగింది. తవిటయ్యను కాపలాతో ఒకటో తెప్పకు పంపారు, అక్కడ శిక్ష తేలుస్తారు. శంకరం విషయంలో సభ రెండుగా చీలింది. జంట కడియం చదవడం భర్త హక్కే కదా, అతను ఎవరినీ ముట్టుకోలేదు కదా అన్నవాళ్లు సగం మంది. ఆసుపత్రి మాటలు బయటపెట్టినందుకు అతన్ని దూరపు వలలకు మార్చారు, ఆసుపత్రి వైపు రాకూడదన్నారు. అంతే. జంట తెంపిన ఉత్తరువును మాత్రం కొట్టేయలేదు. ఇక మీదట డాక్టరు అలా రాయవచ్చని ఒప్పుకున్నారు.

నేను లేచి నిలబడి నేను చేసినదంతా చెప్పాను. రోజులతో సహా.

బయటికొచ్చాక రాజీనామా ఇచ్చాను. డాక్టరమ్మ తీసుకోలేదు.

"వెళ్లిపోతే నీకు తేలిక. ఉండు."

పనిచేసేవాళ్లకు జంట లేని వేరే కడియాలు వచ్చాయి. ఆసుపత్రి గడప దాటితే పనిచేయవు. నెలకోసారి డాక్టరమ్మ మా ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ఆ ప్రశ్న అడుగుతుంది. ఆవిడను నేను అడుగుతాను. వేదవల్లి ఎప్పుడు సెలవు కావాలన్నా కారణం అడగకుండా ఇస్తున్నాం. నాతో పని మాటలు తప్ప మాట్లాడదు. తన అనుమానం తీరేదాకా చూడనీ అనుకుంటున్నాను. తీరకపోవచ్చు కూడా.

రోజు 168

దాలమ్మ కట్టు విప్పించుకోవడానికి వచ్చింది. ఇప్పుడు తన చెల్లెలి దగ్గర ఉంటోంది. బద్దలు తీసి చెయ్యి చాపి చూసుకుంది. మోచెయ్యి పూర్తిగా సాగడం లేదు. అది అంతవరకేనని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో సంగతి కూడా మాట్లాడాలని దాలమ్మ అంది. నేను అలవాటుగా లోపలి గది తలుపు తీశాను.

ఆమె గడప దగ్గరే ఆగిపోయింది.

"నువ్వొద్దు నర్సమ్మా. పంటి నొప్పని రాసిన పిల్ల ఉంది గదా, ఆ పిల్లని రమ్మను."

వేదవల్లిని పిలిచాను. ఇద్దరూ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. బయట వరసలో పద్నాలుగు మంది ఉన్నారు. ఒకతను మా ఆవిడ వంతు రావడానికి ఇంకా ఎంతసేపని అడుగుతూ లోపలికి తొంగిచూడబోయాడు. నేను కుర్చీ లాగి ఆ తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాను.